ఆపరేషన్ తర్వాత నొప్పి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

వార్డులో, మందుల షాపు దగ్గర, ఇంటికెళ్లాక ఫోన్లో ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే ఒకచోట పెట్టాం. ఇది పెద్దవాళ్లకి మాత్రమే, పిల్లల మోతాదులు వేరు. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు. మీ చీటీలో డాక్టరు వేరేగా రాసి ఉంటే ఆ చీటీ ప్రకారమే నడవండి.

## ఆపరేషన్‌కి ముందు

పక్క మంచం ఆయనకీ నాకూ ఒకటే ఆపరేషన్. ఆయన లేచి తిరిగేస్తున్నాడు, నాకెందుకింత నొప్పి?

నొప్పి కోత సైజుని బట్టి మాత్రమే రాదు. ముందునుంచే మోకాలో నడుమో నెలల తరబడి నొప్పెడుతున్నవారికి ఆపరేషన్ తర్వాత కూడా ఎక్కువే ఉంటుంది. అంతకాలం నొప్పి మోసిన నరాలు చిన్న తాకిడికే గట్టిగా స్పందించడానికి అలవాటు పడిపోతాయి. వయసులో చిన్నవారికి, ఆడవారికి, పొగ తాగేవారికి, నిద్ర పట్టనివారికి, బాగా భయపడేవారికి, దిగులు జబ్బు ఉన్నవారికి సగటున నొప్పి ఎక్కువని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. ఎక్కడ కోశారన్నదీ చూడాలి. ఛాతీ, పొట్ట పైభాగం ఊపిరి తీసిన ప్రతిసారీ కదులుతాయి, బొడ్డు కింద కోతకి అంత కదలిక ఉండదు. పక్కాయనకి నరం దగ్గర మత్తు, అంటే బ్లాక్, ఇచ్చి ఉండొచ్చు కూడా. నొప్పి ఎక్కువైతే మీరు సుకుమారం అని కాదు. అది చెప్పుకోవలసిన విషయం, అంతే.

మత్తు డాక్టరు ఏవేవో అడుగుతారు. ఏమేం చెప్పాలి?

రోజూ వేసుకునే మాత్రల కవరు మొత్తం పట్టుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్రలు, నిద్రమాత్రలు, దిగులుకి వాడే మాత్రలు, ఫిట్స్ ఉంటే ఆ సంగతి, కడుపులో పుండు, నొప్పిమాత్ర వేసుకుంటే ఆయాసం రావడం, చివరిసారి చూయించుకున్న క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఇవన్నీ చెప్పాలి. కీళ్లనొప్పులకి ఊళ్లో వారం వారం సూదులు వేయించుకుంటూ ఉంటే అదీ చెప్పాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఆపరేషన్ జాగ్రత్తలే మారిపోతాయి.

రోజూ సారా, కల్లు పడే అలవాటు దాచొద్దు. ఒక్కసారిగా మానేస్తే మొదటి మూడు రోజుల్లో చేతులు వణకడం, పిచ్చిమాటలు మొదలవ్వొచ్చు. దాన్ని నొప్పి అనుకుని అందరూ తప్పుదారి పడతారు. భార్య ముందు చెప్పలేకపోతే డాక్టరుతో విడిగా మాట్లాడతానని అడగండి.

మా అమ్మ అడ్డపొగ తాగుతాది. ఆపరేషన్‌కీ దానికీ ఏటి సంబంధం?

చాలా ఉంది. చుట్టని మామూలుగా తాగినా, అడ్డపొగ అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగినా ఒకటే. పొగ తాగేవారికి ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కువ, మందు కూడా ఎక్కువ పడుతుంది. పుండు మానడం ఆలస్యమవుతుంది. అన్నిటికంటే ఇబ్బంది దగ్గు: కఫం తెగదు, దగ్గిన ప్రతిసారీ కుట్లు లాగుతాయి, నొప్పికి భయపడి దగ్గడం ఆపితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. నాలుగు వారాల ముందు మానేస్తే బాగా ఉపయోగం. అంత టైము లేకపోతే ఇవాళే మానడం మేలు. తీరప్రాంతంలో చాలామంది ఆడవాళ్లకి ఈ అలవాటున్నా "పొగ తాగుతారా?" అని వాళ్లని ఎవరూ అడగరు. మీరే చెప్పండి.

చిన్న ఆపరేషనే అన్నారు. నొప్పి కూడా చిన్నదేనా?

కాకపోవచ్చు. మొలలు, అపెండిక్స్, పెద్దవాళ్లలో టాన్సిల్స్ పేరుకి చిన్నవే గాని బాగా నొప్పి పెడతాయి. పెద్ద ఆపరేషన్ అంటే వీపులో సన్న గొట్టం పెట్టి మందు ఇస్తారు, గంట గంటకీ చూస్తారు. చిన్నదంటే రెండు మాత్రలు రాసి పంపేస్తారు. డిశ్చార్జికి ముందే "రాత్రికి నొప్పి ఎక్కువైతే ఏం వేసుకోవాలి?" అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

నడుముకి మత్తు సూది వేస్తే జన్మంతా నడుంనొప్పి ఉండిపోతాదంట కదా?

ఉండిపోదు. సూది గుచ్చినచోట రెండు మూడు రోజులు సలుపు ఉండొచ్చు. నెలల తర్వాత వచ్చే నడుంనొప్పి సూదికి ముడిపెడతారుగాని, ఒళ్లంతా మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినవారిలోనూ అది అంతే కనిపిస్తుంది. కాన్పయిన తల్లుల్లో అసలు కారణాలు వేరు: గర్భంతో సాగిన కండరాలు, వంగి పాలివ్వడం, బిడ్డని చంకనెత్తుకుని ఇంటిపని.

## ఆసుపత్రిలో తొలి రోజులు

థియేటర్ నుంచి వచ్చినప్పుడు బాగానే ఉన్నాను. సాయంత్రానికి ప్రాణం పోయినంత పనైంది. ఎందుకు?

నడుం మత్తు రెండు నుంచి నాలుగు గంటల్లో దిగుతుంది. అప్పటిదాకా మెదడుకి చేరని నొప్పి ఒక్కసారి చేరుతుంది. మత్తు పూర్తిగా దిగేవరకూ ఆగి, నొప్పి ముదిరాక మందు వేస్తే అది పనిచేయడానికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. ఆ అరగంటే నరకం. కాలి బొటనవేలు కదపగలుగుతున్నారంటే మత్తు దిగుతోందని గుర్తు. అప్పుడే సిస్టరుని పిలిచి "మత్తు దిగుతోంది, నొప్పి మందు టైము అయిందా?" అని అడగండి. చేతికో మోకాలికో బ్లాక్ ఇచ్చి ఉంటే అది 12 నుంచి 24 గంటలు ఉండొచ్చు. తెల్లవారుజామున దిగేలా ఉంటే పడుకునే ముందే మాత్ర పడాలి.

నొప్పి ఎంతుందని అడిగితే ఏం చెప్పాలో తెలీడం లేదు.

సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇంతకంటే ఉండదు. అంకెలు కుదరకపోతే రూపాయి లెక్క చెప్పండి: పావలా నొప్పి, అర్ధరూపాయి, ముప్పావలా. ఇక్కడి డాక్టర్లకి, సిస్టర్లకి అది బాగానే అర్థమవుతుంది. కదలకుండా పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడూ లేచినప్పుడూ ఎంత అని రెండూ విడివిడిగా చెప్పాలి. పడుకుంటే పావలా, దగ్గితే ముప్పావలా అన్నారనుకోండి, అది తగ్గించాల్సిన నొప్పే. నొప్పి సున్నా కావాలని పట్టుపట్టడం కూడా సరికాదు. గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గి, బాత్రూమ్‌కి నడిచి, రాత్రి నిద్రపోగలిగితే మందు సరిపోతున్నట్టే.

ఓర్చుకుంటే మంచిది కదా? మాటిమాటికీ మందులెందుకు?

మా ప్రాంతంలో ఓర్పుని మెచ్చుకుంటారు, "మనిషి గట్టోడు, కిక్కురుమనలేదు" అంటారు. ఆపరేషన్ విషయంలో ఆ గట్టితనం నష్టమే చేస్తుంది. నొప్పితో కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగున కఫం నిలిచిపోతుంది, గ్యాస్ కదలదు, బీపీ, షుగరు పెరుగుతాయి. పైగా తొలిరోజుల్లో తీవ్రమైన నొప్పి పడ్డవారికే అది నెలల తరబడి ఉండిపోయే అవకాశం ఎక్కువ. తొలి రెండు మూడు రోజులు నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి మాత్ర వేసుకోవాలి. ఆ తర్వాత నొప్పి తగ్గేకొద్దీ ఒక్కో పూట మానుకుంటూ రావచ్చు.

దగ్గితే కుట్లు ఊడిపోతాయని భయం. లేవడం ఎలా?

పైకి కనిపించే కుట్లు చర్మానివి. పొట్టని పట్టి ఉంచేది లోపలి గట్టి పొర, దాన్ని వేరే బలమైన దారంతో కుడతారు. మామూలు దగ్గుకి అది ఊడదు. తువ్వాలుని నాలుగు మడతలు వేసి కోత మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని దగ్గండి, నొప్పి తగ్గుతుంది.

వెల్లకిలా పడుకున్నచోటు నుంచి నేరుగా నిటారుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలు తుంటి కలిపి ఒకేసారి పక్కకి తిరగాలి. కాళ్లు మంచం అంచు దించుతూ, అదే సమయంలో కింది మోచేత్తో మంచాన్ని తోస్తూ కూర్చోవాలి. కళ్లు తిరగడం ఆగేదాకా రెండు నిమిషాలు కూర్చుని అప్పుడు నిలబడాలి. పక్కవాళ్లు రెండు చేతులూ పట్టుకుని లాగితే పొట్ట కండరాల మీదే బరువు పడుతుంది. వీపు వెనక చెయ్యి ఆసరా ఇస్తే చాలు.

పిత్తాశయం ఆపరేషన్ కెమెరాతో చేశారు. కుడి భుజం నొప్పెడతాదేంటి?

పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరని రాపిడి చేస్తుంది. ఆ పొర నరం, భుజం నరాలు మెడలో ఒకేచోట పుడతాయి కాబట్టి మెదడు దాన్ని భుజం నొప్పిగా లెక్కేస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతుంది. నడిస్తే త్వరగా తగ్గుతుంది. ఎడమ భుజం, దవడ, ఛాతీ బరువు, చెమటలు కలిసి వస్తే గ్యాస్ అనుకోవద్దు, ఈసీజీ తీయించండి.

పెద్దాపరేషన్‌తో కాన్పయింది. కూర్చుంటే తల పగిలిపోతోంది, పడుకుంటే తగ్గుతోంది.

నడుం మత్తు సూది రంధ్రం నుంచి వెన్నునీరు కొద్దిగా కారితే ఇలా వస్తుంది, ఎక్కువగా మొదటి మూడు రోజుల్లో. తలగడ తీసేసి 24 గంటలు పడుకుంటే రాదన్న నమ్మకం ఉంది గాని ఆ పడక దీన్ని ఆపదు. నీళ్లు బాగా తాగడం, పారాసిటమాల్, కాఫీ కొంత ఊరట. రెండు రోజులైనా బిడ్డకి పాలిచ్చేంతసేపు కూర్చోలేకపోతే మత్తు డాక్టరుని చూడాలి. మన రక్తమే కొద్దిగా తీసి నడుంలో ఆ రంధ్రం దగ్గర ఎక్కించే చికిత్స ఉంది. జ్వరం, మెడ బిగుసుకోవడం, చూపు రెండుగా కనిపించడం, ఫిట్స్ తోడైతే క్షణం ఆగొద్దు.

ట్రమడాల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు ఇస్తే అలవాటైపోతాయా?

ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు, రాసినంత మేరకు వాడితే ఆ ప్రమాదం తక్కువ. వారాల తరబడి సొంతంగా కొనసాగిస్తేనే చిక్కు. 2018 నుంచి ట్రమడాల్ మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చింది, అందుకే షాపువాళ్లు చీటీ లేకుండా ఇవ్వకూడదు. వాంతి, తల తిప్పడం, మలబద్ధకం దీనికి మామూలే. ఫిట్స్ ఉన్నవారు, దిగులుకి మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి. సారా, నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

మా నాన్నకి 75 ఏళ్లు. నొప్పి లేదంటాడు, రాత్రి మాత్రం ఏదేదో మాట్లాడుతున్నాడు.

వృద్ధులు నొప్పి చెప్పరు. మొహం ముడుచుకోవడం, చేయి వేయనివ్వకపోవడం, అన్నం వద్దనడం చూసి తెలుసుకోవాలి. రాత్రిపూట తికమకకి తగ్గని నొప్పీ కారణమే, ఎక్కువైన మందూ కారణమే, మూత్రం నిలిచిపోవడం, ఇన్ఫెక్షన్, ఉప్పు తగ్గడం కూడా కావచ్చు. డాక్టరుకి చెప్పి ఇవన్నీ చూయించాలి. కళ్లద్దాలు, చెవి మిషను పెట్టండి, తెలిసిన మనిషి పక్కన ఉండండి.

## ఇంటికొచ్చాక

మూడు రకాల మాత్రలు రాశారు. అన్నీ నొప్పివే. కలిపి వేసుకోవచ్చా?

వేరువేరు రకాలు కలపడం మంచి పద్ధతే, ఒక్కోదీ తక్కువ మోతాదులో సరిపోతుంది. చిక్కల్లా ఒకే మందు మూడు పేర్లతో కడుపులోకి పోవడం. లెక్క చూడండి: పారాసిటమాల్ 650 నాలుగుసార్లు అంటే 2600 ఎంజీ. ఎసిక్లోఫెనాక్‌తో కలిసి వచ్చే మాత్రలో 325, రెండుపూటలా 650. ట్రమడాల్‌తో కలిసినదాంట్లో మరో 325, మూడుసార్లకి 975. మొత్తం 4225. ఆరోగ్యంగా ఉండి 50 కిలోలు దాటినవారికే రోజంతా కలిపి 4000 హద్దు. రోజూ తాగేవారికి, కాలేయం జబ్బున్నవారికి, బక్కపల్చటి పెద్దవాళ్లకి ఇంకా తక్కువ. 40 కిలోల మనిషికి ఒక విడతకి 500 చాలు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, అదీ తొలి ఒకటి రెండు రోజులు పైకి ఏమీ తెలియకుండానే. అట్ట వెనక చిన్న అక్షరాల్లో మందు పేరుంటుంది. చదవలేకపోతే షాపులో "దీంట్లో పారాసిటమాల్ ఉందా?" అని ఒక్కో అట్టకీ అడగండి.

మాది ఉద్దానం. నొప్పిమాత్రలు కిడ్నీకి చెడ్డవంటారు. మరి ఏం వేసుకోవాలి?

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది కాబట్టి ఇది పుకారు కాదు, నిజంగా పట్టించుకోవలసిన మాట. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కిడ్నీ బాగుంటే, నీళ్లు సరిగా తాగుతుంటే మూడు నుంచి ఐదు రోజులు చాలామంది తట్టుకుంటారు. ఇప్పటికే నీరసించిన కిడ్నీ తట్టుకోలేదు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, నీరు దిగే మాత్ర, నొప్పిమాత్ర ఈ మూడూ కలిస్తే మరీ ప్రమాదం. ఎండలో పనిచేసి వాంతులు, విరేచనాలు అయిన మనిషికీ అంతే.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షల్లో క్రియాటినిన్ చూస్తారు. ఉద్దానంలో ఆ మాట తెలియని ఇల్లు తక్కువ. ఆ కాగితం దాచుకుని, నొప్పికి మందు రాసే ప్రతి డాక్టరుకీ చూపించండి. అంకె ఎక్కువగా ఉంటే "కిడ్నీకి పడే మందే రాయండి" అని నోరు తెరిచి అడగండి. పారాసిటమాల్ సరైన మోతాదులో వేసుకోవచ్చు. బ్లాక్‌లు, కోత దగ్గర మత్తు మందు కిడ్నీ రోగులకి మంచి దారి. ట్రమడాల్ అయితే మోతాదు తగ్గించి, విడతల మధ్య ఎడం పెంచి ఇస్తారు. కడుపులో పుండు ఉన్నవారు, గుండెకి స్టెంటో బైపాసో అయినవారు కూడా డైక్లోఫెనాక్ జాతి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటే హాయిగా ఉంటాది. తప్పా?

ఆ సూదిలో ఏముందో రాసివ్వమనండి. సాధారణంగా డైక్లోఫెనాక్, కొన్నిసార్లు దాంతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. మాత్రలో ఉన్న మందే సూదిలోనూ ఉంటే రెండూ కలిసి రోజు హద్దు దాటుతుంది. డైక్లోఫెనాక్‌కి అది 150 ఎంజీ. స్టెరాయిడ్ షుగరు పెంచి, పుండులో చీము పడుతున్నా జ్వరం కనబడకుండా కప్పేస్తుంది. హాయిగా ఉందనుకుని నాలుగు రోజులు ఆలస్యంగా ఆసుపత్రికి వస్తే కుట్లు విప్పి కడగాల్సిన పరిస్థితి వస్తుంది.

పత్యం ఎన్నాళ్లు? పప్పు, గుడ్డు తింటే చీము పడతాదంట.

పడదు. చీము సూక్ష్మక్రిముల వల్ల, షుగరు అదుపులో లేకపోవడం వల్ల పడుతుంది. పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి: పప్పు, గుడ్డు, చేప, పాలు. కారప్పొడి అన్నంతో నెల గడిపితే నీరసం మిగులుతుంది. పేగు ఆపరేషన్ అయితే డాక్టరు చెప్పిన క్రమంలోనే గంజి నుంచి మెత్తటి అన్నానికి రావాలి. చోడంబలి (రాగి అంబలి) బాగా జారుతుంది, బలమూ ఉంటుంది. బాలింతలకి నీళ్లు తగ్గించే అలవాటు వెంటనే మానాలి. నీళ్లు తగ్గితే మూత్రంలో మంట, మలబద్ధకం, నొప్పిమాత్ర వేసుకుంటే కిడ్నీకి ఇబ్బంది.

నాలుగు రోజులైంది, విరేచనం కాలేదు. పొట్ట ఉబ్బి నొప్పి.

ట్రమడాల్, మార్ఫిన్ పేగుని మందగింపజేస్తాయి. ఆ మందులు మొదలైన రోజే విరేచనం మందు అడగాల్సింది. అరటిపండు, ఆకుకూరలు, నీళ్లు, రోజుకి నాలుగైదుసార్లు నడక. వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోతే ఇంట్లో ఉండకండి.

మా అప్ప బిడ్డకి పాలిస్తోంది. ఏ నొప్పిమాత్ర ఫర్వాలేదు?

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లికి సరిపడేవే. ట్రమడాల్, కోడీన్ వద్దు, కొందరు తల్లుల పాలలో ఎక్కువ చేరి బిడ్డ మగతగా పడిపోవచ్చు. పక్కకి తిరిగి పడుకుని పాలిస్తే కోత మీద బరువు పడదు.

వైజాగ్‌లో డిశ్చార్జి. ఇచ్ఛాపురం దాకా ఎలా వెళ్లాలి?

బయలుదేరే ముప్పావుగంట ముందు మాత్ర. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి, బెల్టుకీ పొట్టకీ మధ్య తువ్వాలు. గంటన్నరకోసారి ఆపి ఐదు నిమిషాలు నడవాలి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. రైలైతే కింది బెర్తు. హైవే దిగాక షేర్ ఆటో మాత్రం వద్దు, ఊరి గతుకుల్లోనే అసలు నొప్పంతా.

ఎలాంటి నొప్పికి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి మూడో రోజు దాటాక పెరగడం. 100.4 డిగ్రీల పైన జ్వరం. కుట్ల చుట్టూ ఎరుపు పాకడం, చీము, వాసన. పొట్ట చెక్కలా గట్టిపడడం. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం. ఒక్క కాలి పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డ అని అనుమానించాలి, దాన్ని నూనె పెట్టి మర్దనా చేయకూడదు. కట్టు లోపల నొప్పి మాత్రకి లొంగకుండా పెరుగుతూ, వేళ్లు తిమ్మిరెక్కి చల్లబడితే అర్ధరాత్రయినా వెళ్లాలి, గంటల్లో కండ చచ్చిపోతుంది. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

## వారాలు, నెలలు గడిచాక

ఎప్పుడు పనిలోకి వెళ్లొచ్చు?

పొట్ట కోసిన ఆపరేషన్‌కి ఆరువారాలు బరువులు వద్దు. నిండు నీళ్లబిందె సుమారు 15 కిలోలు, అదీ బరువే. కెమెరా ఆపరేషన్ అయితే ఇంకా త్వరగా వెళ్లొచ్చు. పలాస జీడి పనిలో గంటలకొద్దీ కింద కూర్చునేవారు గంటకోసారి లేచి తిరగాలి. మోకీలు మార్చినవారు కొబ్బరిచెట్టు ఎక్కడం, గొంతుక్కూర్చోవడం సంగతి సర్జన్‌ని అడిగి తేల్చుకోవాలి.

మూడు నెలలైంది. కుట్లు మానిపోయాయి, నొప్పి మాత్రం పోలేదు.

మూడు నెలలు దాటినా ఉండి, వేరే కారణం దొరకని నొప్పిని ప్రత్యేక జబ్బుగానే చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ అది ఉంది. మోకీలు మార్పిడి తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇలా మిగులుతుంది. గజ్జల హెర్నియా, రొమ్ము, ఛాతీ ఆపరేషన్లలో సన్న నరాలు తెగో నలిగో పోయే అవకాశం ఎక్కువ. మంట, కరెంటు షాకులా లాగడం, బట్ట తగిలినా ఓర్వలేకపోవడం నరం నొప్పి గుర్తులు. దీనికి డైక్లోఫెనాక్ ఏళ్ల తరబడి మింగినా లాభం లేదు. ప్రెగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మొదట్లో మగతగా ఉంటుంది కాబట్టి రాత్రిపూట వేసుకుని, బండి నడపకుండా ఉండాలి. ముందు సర్జన్ మళ్లీ చూసి లోపల ఇన్ఫెక్షనో మరో లోపమో లేదని తేల్చాలి.

షుగరు వల్ల కాలు తీసేశారు. లేని కాలి వేళ్లు నొప్పెడుతున్నాయంటే ఇంట్లో నవ్వుతున్నారు.

నవ్వే సంగతి కాదు, కాలు పోయినవారిలో చాలామందికి ఉంటుంది. తెగిన నరం చివర్లు, మెదడులో ఆ కాలి కోసం ఉన్న భాగం ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. నరం నొప్పి మందులు, మొండిభాగానికి సరైన కట్టు, కృత్రిమ కాలు త్వరగా తొడగడం, అద్దం ముందు మంచి కాలిని కదిపి చూసే వ్యాయామం వాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొండిభాగం నొప్పి, లేని కాలి నొప్పి రెండూ విడిగా చెప్పండి, వాటికి చికిత్స వేరుగా ఉండొచ్చు.